ఆ మహిళ చెప్పినట్టే జరిగింది.. క్యాన్సర్‌కు, కుటుంబానికి ఉన్న లింక్‌ను వందేళ్ల కిందటే పట్టుకున్న డాక్టర్ వార్థిన్ కథ ఇదీ!

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ వచ్చిందంటే చాలు.. మిగతావాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. నాన్నకు వచ్చింది, రేపు నాకూ వస్తుందా? నా పిల్లల సంగతేంటి? ఈ ప్రశ్నలు ఇవాళ డాక్టర్ దగ్గర అడిగితే జవాబు దొరుకుతుంది. కొన్ని కుటుంబాలకైతే ఒక్క రక్త పరీక్షతోనే తేలిపోతుంది. కానీ 1895లో ఇదే ప్రశ్న ఓ మహిళకు ఎదురైంది. అప్పుడు ఆమెకు జవాబు చెప్పేవాళ్లు ప్రపంచంలో ఒక్కరూ లేరు. అయితే ఆమె మాటను కొట్టిపారేయకుండా నోట్ చేసుకున్న డాక్టర్ మాత్రం ఒకరున్నారు. ఆయనే ఆల్‌డ్రెడ్ స్కాట్ వార్థిన్. క్యాన్సర్ జన్యుశాస్త్రానికి పితామహుడని ఇవాళ వైద్య ప్రపంచం పిలుచుకునే పాథాలజిస్ట్.

అసలు ఆ రోజు ఏం జరిగింది?

అది అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం, యాన్ ఆర్బర్ పట్టణం. వార్థిన్ అప్పటికి ఇంకా 30 ఏళ్లు కూడా నిండని కుర్ర డాక్టర్. ఆయనకు బట్టలు కుట్టిపెట్టే ఓ మహిళ ఉండేది. ఒకరోజు ఆమె ముఖం దిగాలుగా ఉండటం చూసి ఏమైందని అడిగారు వార్థిన్. ఆమె చెప్పిన సమాధానం విని ఆశ్చర్యపోయారు. తాను ఎక్కువ కాలం బతకనని, పొట్టలోనో పేగుల్లోనో గర్భసంచిలోనో క్యాన్సర్ వచ్చి చిన్న వయసులోనే పోతానని చెప్పిందామె. కారణం ఏంటంటే.. తమ ఇంట్లో చాలామంది అలాగే పోయారట.

అప్పటికి ఆమె ఆరోగ్యంగానే ఉంది. ఏ జబ్బూ లేదు. ఇంకో డాక్టరైతే పిచ్చి భయాలు పెట్టుకోవద్దని రెండు మాటలు చెప్పి పంపేసేవాళ్లే. వార్థిన్ అలా చేయలేదు. ఇంట్లో ఎవరెవరికి ఏ క్యాన్సర్ వచ్చింది, ఏ వయసులో వచ్చిందని వివరాలు తెలుసుకోవడం మొదలుపెట్టారు. ఆమె కూడా ఊరుకోలేదు. బంధువుల వివరాలన్నీ సేకరించి ఇస్తూ వచ్చింది. తాతలు, పెదనాన్నలు, మేనత్తలు.. ఇలా తరాల లెక్క తయారైంది.

చివరికి ఆమె భయపడినట్టే జరిగింది. గర్భాశయ క్యాన్సర్‌తో చిన్న వయసులోనే ఆమె కన్నుమూసింది. కానీ ఆమె మొదలుపెట్టించిన లెక్క మాత్రం ఆగలేదు. వందేళ్లకు పైగా సాగింది!

ఇంతకీ ఎవరీ వార్థిన్?

1866 అక్టోబర్ 21న ఇండియానా రాష్ట్రంలోని గ్రీన్స్‌బర్గ్‌లో పుట్టారు వార్థిన్. విశేషం ఏంటంటే.. ఆయన మొదట చదివింది మెడిసిన్ కాదు, సంగీతం. సిన్సినాటిలోని మ్యూజిక్ కాలేజీలో టీచింగ్ డిప్లొమా తీసుకున్నారు. పియానో బాగా వాయించేవారు. ఆ తర్వాత ఇండియానా యూనివర్సిటీలో డిగ్రీ, అక్కడి నుంచి మిచిగన్ యూనివర్సిటీకి మారి 1891లో ఎండీ, 1893లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. యూరప్ వెళ్లి వియన్నా లాంటి చోట్ల పాథాలజీలో శిక్షణ పొందారు. 1903లో మిచిగన్‌లో పాథాలజీ ప్రొఫెసర్ అయ్యారు. 1931 మే 23న చనిపోయే వరకు అదే యూనివర్సిటీలో ఉన్నారు.

పాథాలజీ అంటే మనకు తెలిసిందే. ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైక్రోస్కోప్ కింద పెట్టి అది క్యాన్సరా కాదా అని తేల్చే విభాగం. మన ఊళ్లో బయాప్సీకి పంపారు అంటామే.. ఆ పని చేసేది వీళ్లే. ఆ రోజుల్లో ఇది చాలా ఆసుపత్రుల్లో పద్ధతి ప్రకారం జరిగేది కాదు. సర్జన్ కంటితో చూసి ఏదనుకుంటే అదే. మిచిగన్‌లో మాత్రం ఆపరేషన్‌లో తీసిన కణజాలాన్ని ల్యాబ్‌కు పంపి పరీక్షించడం, ఆ రికార్డును దాచడం 1895 నుంచే జరిగేది. ఇదే వార్థిన్‌కు పెద్ద ఆస్తి అయ్యింది. ఆమె చెప్పిన కథ ఒకవైపు, అల్మారాల నిండా స్లైడ్లు, రికార్డులు మరోవైపు. కథను లెక్కతో సరిచూసుకునే అవకాశం దొరికింది.

48 మందిలో 17 మంది!

1913లో వార్థిన్ తన పరిశోధన వివరాలను బయటపెట్టారు. 1895 నుంచి అప్పటిదాకా ల్యాబ్‌కు వచ్చిన దాదాపు 3,600 గడ్డల కేసులను తిరగేశారు. అందులో కార్సినోమా రకం క్యాన్సర్లు దాదాపు 1,600. వాళ్లలో సుమారు 15 శాతం మంది కుటుంబాల్లో అంతకుముందు కూడా క్యాన్సర్ ఉన్నట్టు తేలింది. కొన్ని కుటుంబాల్లో అయితే మరీ ఎక్కువ.

ఆ మహిళ కుటుంబం పేరు బయటపెట్టకుండా దానికి ఫ్యామిలీ జి అని పేరు పెట్టారు. జర్మనీ నుంచి వలస వచ్చి మిచిగన్‌లో స్థిరపడిన కుటుంబం అది. మూలపురుషుడైన తాత కూడా కడుపు క్యాన్సర్‌తోనే పోయారు. ఆయన వారసులు 48 మందిని లెక్క తీస్తే.. అందులో 17 మంది క్యాన్సర్‌తో చనిపోవడమో, క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకోవడమో జరిగింది. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి పైనే అన్నమాట. అది కూడా ఏ క్యాన్సర్ పడితే అది కాదు. ఆడవాళ్లలో ఎక్కువగా గర్భాశయం, మిగతావాళ్లలో ఎక్కువగా పొట్ట. మళ్లీ మళ్లీ అవే!

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. అప్పటికి డీఎన్‌ఏ ఆకారం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. అది తెలిసింది 1953లో. మెండెల్ బఠానీ మొక్కల సూత్రాలను శాస్త్రవేత్తలు మళ్లీ వెలికి తీసింది 1900లో. అంటే వార్థిన్ చేతిలో ఉన్నవి మైక్రోస్కోప్, కాగితం, పెన్ను, చెప్పింది ఓపిగ్గా వినే చెవులు. అంతే. ఎంతమందిలో ఎంతమందికి వచ్చింది, ఏ వయసులో వచ్చింది, ఏ అవయవానికి వచ్చింది అని లెక్కగట్టడాన్నే ఇవాళ ఎపిడెమియాలజీ అంటున్నాం. దాన్ని ఒక కుటుంబం మీద పెట్టి చూసిన తొలి తరం డాక్టర్లలో వార్థిన్ ఒకరు.

ఎందుకు పట్టించుకోలేదు?

ఇంత పెద్ద విషయం చెబితే వైద్య ప్రపంచం ఎగిరి గంతేయాలి కదా! అదేం జరగలేదు. క్యాన్సర్ అంటే ఒక్కో కాలంలో ఒక్కో నమ్మకం. అంటుకుంటుందని కొందరు, దెబ్బ తగిలితే వస్తుందని కొందరు, క్రిముల వల్లని ఇంకొందరు వాదించేవాళ్లు. క్యాన్సర్ చాలామందికి వచ్చే జబ్బే కాబట్టి ఒకే ఇంట్లో నలుగురికి రావడం యాదృచ్ఛికం కావచ్చన్నది మరో వాదన. అది పూర్తిగా కొట్టిపారేయాల్సిన వాదన కూడా కాదు. ఎందుకంటే ఒకే ఇంటి వాళ్లు ఒకే తిండి తింటారు, ఒకే నీళ్లు తాగుతారు, ఒకే పని చేస్తారు. జబ్బు రక్తంలో వచ్చిందా, వంటింట్లో నుంచి వచ్చిందా అని విడదీయడం అప్పట్లో సాధ్యం కాలేదు.

వార్థిన్ మాత్రం వదల్లేదు. 1925లో ఫ్యామిలీ జి గురించి మరో రిపోర్ట్ ఇచ్చారు. కొత్త తరంలోనూ అదే తంతు నడుస్తోందని చూపించారు. ఆయన పోయాక 1936లో ఆయన శిష్యుడు కార్ల్ వెల్లర్, మరో డాక్టర్ హౌజర్ కలిసి ఇంకో విడత లెక్క తీశారు. ఆ తర్వాత ఫైళ్లు అల్మారాలోకి వెళ్లిపోయాయి.

మచ్చ కూడా ఉంది

వార్థిన్ కథలో దాచిపెట్టకూడని చీకటి కోణం ఒకటుంది. ఆయన యూజెనిక్స్‌ను సమర్థించారు. యూజెనిక్స్ అంటే మంచి రక్తం ఉన్నవాళ్లే పిల్లల్ని కనాలి, జబ్బులున్న వంశాలు పెరగకూడదు అనే వాదం. ఆ కాలంలో అమెరికాలో చదువుకున్నవాళ్లు, ప్రొఫెసర్లు, డాక్టర్లు చాలామంది దీన్ని నమ్మారు. నమ్మడంతో ఆగలేదు, చట్టాలూ చేశారు. వార్థిన్ పుట్టిన ఇండియానా రాష్ట్రం 1907లోనే బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు చట్టం తెచ్చింది. ఆయన పనిచేసిన మిచిగన్ కూడా 1913లో అలాంటి చట్టమే చేసింది. ఫ్యామిలీ జి రిపోర్ట్ వచ్చింది కూడా సరిగ్గా అదే ఏడాది.

వేలాది మంది పేదలు, మానసిక రోగులు ఆ చట్టాలకు బలయ్యారు. తర్వాత జర్మనీలో నాజీలు ఇదే వాదాన్ని పట్టుకుని చేసిన ఘోరాలు ప్రపంచం చూసింది. దాంతో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మనుషుల్లో వంశపారంపర్యం అనే మాటెత్తితేనే అనుమానంగా చూసే పరిస్థితి వచ్చింది.

మరి వార్థిన్ చేసిన పొరపాటు ఎక్కడ? ఆయన లెక్క తప్పు కాదు. ఆ లెక్క నుంచి తీసిన పాఠం తప్పు. క్యాన్సర్ ముప్పు ఉన్న వంశాన్ని పెరగనివ్వకూడదనే వాదం వైపు ఆయన నిలబడ్డారు. కానీ అదే లెక్కతో ఆ ఇంటివాళ్లను ముందుగానే పరీక్షించి కాపాడుకోవచ్చని ఆ తర్వాతి తరం డాక్టర్లు చూపించారు. ఒకే నోట్‌బుక్.. రెండు దారులు.

అల్మారా తెరిపించిన మాజీ బాక్సర్

ఇక్కడే కథలో ట్విస్ట్. 1960ల్లో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో హెన్రీ లించ్ అనే యువ డాక్టర్ ఉండేవారు. ఒకప్పుడు ప్రొఫెషనల్ బాక్సర్. ఆయన దగ్గరికి ఓ పేషెంట్ వచ్చాడు. విపరీతంగా తాగేవాడు. ఎందుకు తాగుతున్నావని అడిగితే.. తమ ఇంట్లో అందరూ పెద్దపేగు క్యాన్సర్‌తోనే పోయారని, తానూ అలాగే పోతానని చెప్పాడు. దాదాపు 70 ఏళ్ల కిందట ఆ బట్టలు కుట్టే మహిళ చెప్పిన మాటే ఇది! ఊరు వేరు, మనిషి వేరు.. భయం ఒక్కటే.

లించ్ కూడా ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. ఆ కుటుంబం మొత్తాన్ని పరిశీలించి, అలాంటిదే మిచిగన్‌లో మరో కుటుంబాన్ని కలిపి 1966లో పరిశోధన ప్రచురించారు. అది చూసిన మిచిగన్ యూనివర్సిటీ పాథాలజీ విభాగాధిపతి జేమ్స్ ఫ్రెంచ్, తమ దగ్గర వార్థిన్ దాచిన పాత రికార్డులున్నాయని చెప్పి, వాటిని లించ్‌కు అప్పగించారు. అలా దశాబ్దాలుగా మూతపడిన ఫైల్ మళ్లీ తెరుచుకుంది. 1971లో లించ్, ఆన్ క్రష్ కలిసి 650 మందికి పైగా రక్తసంబంధీకుల వివరాలతో ఫ్యామిలీ జి కథను ప్రచురించారు.

ఇందులో ఆసక్తికరమైన విషయం ఇంకోటి బయటపడింది. వార్థిన్ కాలంలో ఆ ఇంట్లో పొట్ట క్యాన్సర్ ఎక్కువ. తర్వాతి తరాల్లో అది తగ్గి పెద్దపేగు క్యాన్సర్ పెరిగింది. అమెరికా జనం మొత్తంలోనూ అదే కాలంలో అదే మార్పు కనిపించింది. అంటే జన్యువు మారకపోయినా, బతికే తీరు మారితే జబ్బు వచ్చే చోటు మారొచ్చన్నమాట. అటు వంశం, ఇటు వాతావరణం.. రెండు వాదాల్లోనూ నిజముందని ఆ ఒక్క కుటుంబమే నిరూపించింది.

అసలు దొంగ దొరికాడు

1993లో శాస్త్రవేత్తలు ఎంఎస్‌హెచ్2 అనే జన్యువును గుర్తించారు. దీని పని ఏంటి? మనం ఫోన్‌లో మెసేజ్ టైప్ చేస్తుంటే తప్పు అక్షరాలను ఫోనే సరిదిద్దుతుంది కదా.. మన కణాల్లోనూ అలాంటి ఏర్పాటు ఉంది. కణం రెండుగా చీలేటప్పుడు డీఎన్‌ఏ మొత్తం కాపీ అవ్వాలి. కాపీ చేసేటప్పుడు తప్పులు దొర్లుతాయి. వాటిని పట్టుకుని సరిచేసే రిపేర్ టీమ్‌లో ఎంఎస్‌హెచ్2 ఒకటి. ఇది చెడిపోతే తప్పులు పోగుపడతాయి. పోగుపడిన తప్పులే క్యాన్సర్‌కు దారి తీస్తాయి.

2000 సంవత్సరంలో ఫ్యామిలీ జి వారసుల రక్తాన్ని పరీక్షించినప్పుడు సరిగ్గా ఈ జన్యువులోనే లోపం దొరికింది. అదీ ఒకే ఒక్క అక్షరం తేడా! 1895లో ఆ మహిళ చెప్పిన మాటకు 105 ఏళ్ల తర్వాత జవాబు దొరికినట్టయింది. 2005 నాటికి ఆ కుటుంబంలో 900 మందికి పైగా వారసుల వివరాలు రికార్డుల్లోకి ఎక్కాయి. ప్రపంచంలో ఇంత ఎక్కువ కాలం వెంటాడి పరిశీలించిన క్యాన్సర్ కుటుంబాలు అరుదు.

ఈ పరిస్థితికి ఇప్పుడు లించ్ సిండ్రోమ్ అని పేరు. పేరు లించ్‌ది, తొలి పేజీ వార్థిన్‌ది. ఎంఎస్‌హెచ్2తో పాటు ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 జన్యువుల్లో లోపం ఉన్నా ఇది వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. అంటే రాకపోయే అవకాశమూ సగం! ఫ్యామిలీ జిలో ఎంతోమంది జీవితాంతం అనవసరంగా భయపడి ఉంటారు. ఇప్పుడు ఆ భయం అవసరమా కాదా అన్నది టెస్ట్ చెప్పేస్తుంది.

గ్యాస్ట్రిక్ ట్రబుల్‌కు, వార్థిన్‌కు లింకేంటి?

వార్థిన్ పేరు ఇంకో రెండు చోట్ల రోజూ వినిపిస్తుంది. 1929లో చెవి కింద ఉండే లాలాజల గ్రంథిలో వచ్చే ఓ గడ్డను ఆయన వివరించారు. దాన్ని వార్థిన్ ట్యూమర్ అంటారు. చాలావరకు ప్రమాదం లేని గడ్డే. పొగతాగే వాళ్లలో ఎక్కువగా కనిపిస్తుందని తర్వాత తేలింది.

రెండోది మరీ విచిత్రం. 1920లో సిఫిలిస్ క్రిములను మైక్రోస్కోప్‌లో స్పష్టంగా చూడటానికి స్టారీ అనే సహచరుడితో కలిసి ఆయన వెండి లవణంతో ఒక స్టెయిన్ తయారు చేశారు. అదే వార్థిన్ స్టారీ స్టెయిన్. 1979లో ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్ట్ ఇదే స్టెయిన్ వాడి పొట్ట లోపలి పొరలో ఓ బ్యాక్టీరియాను పట్టుకున్నారు. అదే హెలికోబ్యాక్టర్ పైలోరీ. అల్సర్లకు కారణం టెన్షన్, కారం అనుకునే రోజులు దాంతో పోయాయి. వారెన్‌కు, ఆయన సహచరుడు బ్యారీ మార్షల్‌కు 2005లో నోబెల్ వచ్చింది. ఆ బ్యాక్టీరియా పొట్ట క్యాన్సర్‌కూ కారణమని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ప్రకటించింది. చూశారా! క్యాన్సర్ వంశంలో వస్తుందని నిరూపించడానికి జీవితమంతా లెక్కలు కట్టిన మనిషి.. క్యాన్సర్ క్రిమి వల్ల కూడా వస్తుందని నిరూపించే పనిముట్టును కూడా ఆయనే తయారు చేసి పెట్టి వెళ్లారు.

మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో మస్టర్డ్ గ్యాస్ శరీరాన్ని ఎలా పాడు చేస్తుందో కూడా వెల్లర్‌తో కలిసి ఆయన పరిశోధించారు. 1919లో దానిపై పుస్తకం వచ్చింది. ముసలితనం మీద ఓ పుస్తకం, మృత్యువును గీసిన పాత చిత్రాల్లో డాక్టర్ బొమ్మ మీద మరో పుస్తకం రాశారు. 64 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మనం తెలుసుకోవాల్సింది ఏంటి?

ముందు ఒక క్లారిటీ. క్యాన్సర్లలో ఎక్కువ శాతం వంశపారంపర్యం కావు. ఇంట్లో ఒకరికి వచ్చిందని అందరికీ వస్తుందని కాదు. పొగాకు, మద్యం, ఇన్ఫెక్షన్లు, వయసు.. ఇవన్నీ కారణాలే. అయితే ఒకే వైపు బంధువుల్లో ఇద్దరు ముగ్గురికి పెద్దపేగు లేదా గర్భాశయ క్యాన్సర్ రావడం, 50 ఏళ్లలోపే రావడం, ఒకే మనిషికి రెండు రకాలు రావడం లాంటివి ఉంటే మాత్రం డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. లించ్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు సాధారణంగా 20 నుంచి 25 ఏళ్ల వయసు నుంచే ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కొలనోస్కోపీ చేస్తారు. పేగులో చిన్న పిలకలు కనిపిస్తే క్యాన్సర్‌గా మారకముందే తీసేస్తారు. ఏ వయసులో, ఎన్నాళ్లకోసారి అన్నది జన్యువును బట్టి డాక్టరే నిర్ణయిస్తారు.

మన ఇళ్లలో ఇంకో సమస్య ఉంది. తాతయ్య ఎలా పోయారంటే కడుపునొప్పి వచ్చి పోయారంటారు. అమ్మమ్మ సంగతి అడిగితే ఆడవాళ్ల జబ్బని మాట దాటేస్తారు. పెళ్లి సంబంధాలకు ఇబ్బంది అవుతుందని క్యాన్సర్ మాటే బయటికి రానివ్వరు. 130 ఏళ్ల కిందట బట్టలు కుట్టుకుని బతికిన ఓ మహిళ దాచిపెట్టలేదు. ఎవరెవరు, ఏ వయసులో, ఎలా పోయారో అడిగి మరీ రాయించింది. ఆమె తనను కాపాడుకోలేకపోయింది. కానీ ఇవాళ ఆమె వంశంలోని పిల్లలు టెస్ట్ చేయించుకుని, ముందే జాగ్రత్త పడగలుగుతున్నారు.

ఈసారి పండక్కి అందరూ ఒకచోట కలిసినప్పుడు పెద్దవాళ్లను ఒక్కసారి అడిగి చూడండి. తెలిసింది ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. వార్థిన్ కూడా అక్కడి నుంచే మొదలుపెట్టారు.